పైన్ అడవిలో ఎర్రచుక్క

టెక్సస్ అంటే ఇసుకా, గుర్రాలూ, పెద్ద పెద్ద టోపీలూ అనుకుని బయలుదేరాను. డాలస్ నుంచి ఆగ్నేయంగా మూడు గంటలు కారులో ప్రయాణం చేసి నాకడోచెస్ చేరేసరికి ఆ ఊహ కాస్తా తలకిందులైంది. రోడ్డుకి రెండు పక్కలా ఆకాశం అందుకునే పైన్ చెట్లు. చెప్పులకి అంటుకుంటే ఒక పట్టాన వదలని ఎర్రమట్టి. ఊళ్లోకి వెళితే ఇటుకలు పరిచిన వీధులు. టెక్సస్ మొత్తంమీద పాత ఊరు తమదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

మా అన్నయ్య కొడుకు ఆ ఊరి పొలిమేరలో పన్నెండెకరాల నేల కొని ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం మందుల షాపులో. వ్యసనం వ్యవసాయం. ఇంటి వెనక గోంగూర, దోసపాదులు, ఒక అరెకరం చిలగడదుంప. ఆ ఎర్రనేలలో చిలగడదుంప బ్రహ్మాండంగా ఊరుతుంది. ఆ సంగతి మావాడికంటే ముందు అడవిపందులకి తెలిసింది!

ఇవి మన అడవిపందుల్లాంటివి కావు సుమండీ. వెనకటికి స్పెయిన్ దేశస్థులు ఓడల్లో తెచ్చిన ఇంటిపందులు అడవిన పడి పెరిగాయి. తరవాత వేటసరదా ఉన్నవాళ్లు ఐరోపా అడవిపందుల్ని తెచ్చి వదిలారు. రెండూ కలిసిన సంతానం యిప్పుడు టెక్సస్ నిండా లక్షల్లో ఉంది. ఒక్క రాత్రి మేతకొస్తే తెల్లవారేసరికి చేను నాగలితో దున్నినట్టుంటుంది. ప్రభుత్వమే చంపమంటుంది. అందుకని మావాడు ఒక రైఫిల్ కొన్నాడు. మార్లిన్ 336 అని, 1948లో మొదలైన పాత మోడలు. కింద ఉన్న లివర్ ఆడిస్తే గుండు గదిలోకి వస్తుంది. దానిమీద ముప్ఫై అయిదు డాలర్లు పెట్టి తెప్పించిన ఎర్రచుక్క సైటు ఒకటి బిగించాడు. కథంతా ఆ ముప్ఫై అయిదు డాలర్ల దగ్గరే ఉంది.

నేను వెళ్లిన నాలుగో సాయంత్రం. వెనక వసారాలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటున్నాం. చీకటి పడబోతూండగా చేను మొదట్లో ఒక ఆడపంది, వెనకాల అయిదో ఆరో పిల్లలు. మావాడు రైఫిల్ ఆనించాడు, చూశాడు, కాల్చాడు. పంది పడలేదు. మనిషి అరిచినట్టు ఒక్క అరుపు అరిచి, వెనకకాలు ఈడ్చుకుంటూ అడవిలోకి పోయింది. టార్చిలైటు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆకులమీద నెత్తురు చుక్కలు వాగుదాకా కనిపించాయి. ఆ తరవాత లేవు. రెండు గంటలు తిరిగి తిరిగి వచ్చాం.

ఆ రాత్రి వాడు భోజనం చెయ్యలేదు. "గురి సరిగ్గానే పెట్టాను బాబాయ్" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. మా కోడలు ఏమీ అనలేదు. తుపాకీ ఇంట్లోకి రావడమే ఆ అమ్మాయికి ఇష్టం లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడున్న ఇల్లు. ఇనప్పెట్టె కొంటేనే సరేనంది. పెట్టె తాళం నంబరు మొగుడికీ తనకీ తప్ప ఇంకొకరికి తెలియకూడదంది.

మర్నాడు ఆదివారం. ఊరికి పన్నెండు మైళ్ల అవతల అడవిలో ఉన్న షూటింగ్ రేంజికి వెళ్లాం. వరసగా బల్లలు, ఎదురుగా మట్టికట్ట, దానిముందు కాగితపు గుళ్లు. చెవులకి డిప్పలూ కళ్లకి అద్దాలూ లేకుండా లోపలికి రానివ్వరు. మధ్య మధ్య ఒకాయన "లైన్ కోల్డ్!" అని కేకవేస్తాడు. అందరూ తుపాకులు ఖాళీచేసి, తెరిచిపెట్టి, పసుపుగీత వెనక్కి రావాలి. కాగితాలు చూడడానికి మనుషులు అటు వెళ్లినంతసేపూ తుపాకీమీద ఎవడి వేలూ పడకూడదు. మన ఎన్.సి.సి. సుబేదారుగారు చూస్తే సంతోషించేవారు.

కాలేజీలో నేనూ పాయింట్ 22 రైఫిల్ కాల్చినవాణ్ణే. పాతికగజాలమీద నా అయిదు గుళ్లూ ఒక రూపాయిబిళ్లకింద దాగేవి (దాగేవని యిన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను). అయినా అక్కడ రైఫిల్ ముట్టుకోలేదు. విజిటర్ వీసామీద వెళ్లినవాడు ఆ దేశంలో తుపాకీ చేతబట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు తీసుకోవడంలాంటి కొద్ది మినహాయింపులున్నాయి. రేంజిలో సరదాకి ఒక గుండు కాల్చినా అదే లెక్క. మనవాళ్లు చాలామంది ఇది తెలియక కాల్చి, ఫోటోలు కూడా పంచిపెడుతూంటారు. మావాడు ఆ దేశపు పౌరుడు కనక వాడికి అడ్డులేదు. నేను వెనక బెంచీమీద చతికిలబడ్డాను.

మావాడు ఇసకసంచీమీద ఆనించి యాభైగజాలకి మూడు గుళ్లు కాల్చాడు. మూడూ కుడివైపు ఎనిమిది అంగుళాల దూరాన తగిలాయి. పక్కబల్లదగ్గర వియత్నాం యుద్ధంలో పనిచేసిన ముసలాయన ఒకాయన ఉన్నాడు. లేచివచ్చి, ఏమీ మాట్లాడకుండా సైటుని బొటనవేలితో నెట్టాడు. కదిలింది! తరవాత మర పది నొక్కులు పైకి తిప్పి, పది కిందికి తిప్పించాడు. చుక్క బయలుదేరిన చోటికి తిరిగి రాలేదు. "ఇది బొమ్మ నాయనా, తుపాకీకి పెట్టేది కాదు" అన్నాడు. మావాడి ముఖం నేను చూడలేకపోయాను.

ఈ సైటు ఎలా పనిచేస్తుందో ఆయన చెబితే నాకు మన రైలుకిటికీ గుర్తొచ్చింది. రాత్రిపూట పెట్టెలోని దీపం బయట చెట్టులో వెలుగుతున్నట్టు కిటికీ అద్దంలో కనిపిస్తుందే, అదే సూత్రం. ఇక్కడ అద్దం వంపుగా ఉంటుంది. దాని నాభిదగ్గర చిన్న ఎర్రదీపం. అద్దానికున్న పూత ఎరుపుని వెనక్కి కొట్టి, మిగతా వెలుగుని పోనిస్తుంది. కిరణాలు సమాంతరంగా కంటికి చేరతాయి కనక ఆ చుక్క అద్దంలో ఉన్నట్టు కాక, నక్షత్రంలాగా ఎక్కడో అనంతదూరాన ఉన్నట్టుంటుంది. దుర్భిణి కాదు, దేన్నీ పెద్దది చెయ్యదు.

నక్షత్రమన్నమాట ఊరికే అనలేదు. దీన్ని కనిపెట్టి 1900లో పేటెంటు తీసుకున్నది హోవర్డ్ గ్రబ్ అనే డబ్లిన్ వాడు. దుర్భిణులు చెయ్యడం వాళ్లకి వంశవృత్తి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన మన హైదరాబాదు నిజామియా వేధశాలకి వచ్చిన పదిహేనంగుళాల దుర్భిణి గ్రబ్ వారిదే. బేగంపేటలో ఆకాశం చూసిన దుర్భిణీ, టెక్సస్‌లో పందిని చూసే యీ గాజుముక్కా ఒక ఇంటివేనని తెలిసేసరికి నాకు బంధువులు కలిసినంత పనైంది. 1918లో జర్మన్ యుద్ధవిమానాలమీద యీ సైట్లు పెట్టారు. రెండో యుద్ధంలో ఇరుపక్షాలవాళ్లూ పెట్టుకున్నారు. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ చిన్న ఎలక్ట్రానిక్ దీపం పెట్టి మామూలు వేటగాడికి అందించింది.

ముసలివాళ్లకి ఇది వరమంటే నమ్మండి. పాత రైఫిల్‌కి వెనక గాడి, ముందు ముల్లు, ఆపైన గురి — మూడు దూరాలు. యాభైదాటిన కన్ను మూడింటినీ ఒకేసారి పట్టలేదు. ఇక్కడ చుక్కా గురీ రెండూ దూరానే ఉంటాయి. రెండు కళ్లూ తెరిచి చూడవచ్చు. విప్పేసిన ఆ పాడుసైటు నా చేతికిచ్చి చూడమన్నారు. దానికి చట్టం అడ్డురాదు. చూస్తే నాకు చుక్క చుక్కలా లేదు, తోకచుక్కలా ఉంది. "సైటు దోషమే" అన్నాను ధీమాగా. ముసలాయన నవ్వి, తల పక్కకి వంచమన్నాడు. తలతోపాటు తోకా తిరిగింది! దోషం నా కంటిది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి ఇలాగే కనిపిస్తుందట. సెల్‌ఫోనుతో సైటులోంచి ఫోటో తీస్తే చుక్క గుండ్రంగా పడింది. వెలుగు బాగా తగ్గించాక నాకూ తోక కాస్త పొట్టిదైంది.

మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాం. పేరున్న ఉత్తమరకాలు నాలుగైదు వందల డాలర్లు. మావాడు నూటముప్ఫైలో ఒకటి కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను, ప్రకటన అవుతుంది. ఈ ధరలోవి పెద్దవాటితో సమానమని ఎవరైనా అంటే నమ్మకండి గాని, పందికీ యాభైగజాలకీ ఇవి చాలు. కొనేముందు బల్లమీద కదలకుండా ఆనించి, తల అటూ ఇటూ జరిపి చూశాడు. చుక్క గురిమీంచి పెద్దగా తప్పుకోలేదు. చౌకవాటిలో తప్పుకుపోతుంది, తల కాస్త పక్కనుంటే గుండూ పక్కకి పోతుంది. చుక్క సైజు రెండు మినిట్లది ఎంచాడు. అంటే నూరుగజాల దూరాన రెండంగుళాలు కప్పుతుంది. పెద్దచుక్క త్వరగా కంటబడుతుంది గాని సన్నని గురిని మింగేస్తుంది. బ్యాటరీ కారుతాళంలో వేసే బిళ్లలాంటిదే. కాసేపు కదలకపోతే తనంతట ఆరిపోయి, ఎత్తగానే వెలుగుతుంది.

బిగించడంలో ఈసారి తొందరపడలేదు. మరలకి నూనెజిడ్డు తుడిచి, ఒక్కొక్క చుక్క లాకింగ్ జిగురు వేశాడు. మర తలమీంచి దిమ్మమీదకి ఒక గీత గీయాలట, మర వదులైతే గీత తప్పి తెలిసిపోతుందని. దానికి రంగు కావాలంటే మా కోడలు గోళ్లరంగు సీసా తెచ్చి ఇచ్చింది. ఆ విషయంలో ఆ అమ్మాయి చేసిన మొదటి సాయం అది.

మర్నాటి సెలవుపూట మళ్లీ రేంజి. పాతికగజాలకి మూడు గుళ్లు: రెండంగుళాలు కిందికి, ఒక అంగుళం కుడికి. ఆ దూరంలో నొక్కుకి పావంగుళం. ఎనిమిది నొక్కులు పైకి, నాలుగు ఎడమకి. తరవాత మూడూ మధ్యలోకి వచ్చాయి. అక్కడితో లేచిపోతాడేమో అనుకున్నాను. లేదు, యాభైకి జరిపి ఇరవై గుళ్లు కాల్చాడు, సైటు నిలుస్తుందా లేదా అని. ఆ రైఫిల్ తన్ను మామూలుది కాదు; భుజం కమిలింది. గోళ్లరంగు గీత మాత్రం చెదరలేదు.

తొమ్మిదో సాయంత్రం అది వచ్చింది. వెనకకాలు ఈడుస్తూ, అదే ఆడపంది. పిల్లలు వెనకాలే. మావాడు వెలుగు బాగా తగ్గించుకున్నాడు. మొదటిసారి చుక్క మరీ ధగధగలాడి పందిని సగం కప్పేసిందని తరవాత చెప్పాడు. పిల్లలు పక్కకి జరిగేదాకా ఆగాడు. ఎంతసేపో తెలియదు, నా కాఫీ చల్లారిపోయింది. ఒక్క గుండు. పడిన చోటినుంచి అది కదలలేదు.

"పిల్లలో?" అని అడిగింది మా కోడలు తలుపుదగ్గరనుంచి.

"అడవిలోకి పోయాయి. మేస్తున్నాయిలే, పెద్దవే" అన్నాడు వాడు. ఆ మాట తనకి తాను చెప్పుకున్నట్టుంది.

రైఫిల్ ఖాళీచేసి, గది తెరిచి నాకొకసారి చూపించి, లోపలికి తీసుకెళ్లాడు. ఇనప్పెట్టె తాళం పడిన చప్పుడు వినిపించేదాకా మా కోడలు ఆ తలుపుదగ్గరే నిలబడి, తరవాత అన్నాలు వడ్డించడానికి వెళ్లింది.