పుంగనూరి యావు - మా యమ్మాయి చదువు



మా యమ్మాయి యీ యేడు పదవ తరగతి ముగించినది. ఇంటర్మీడియటున గణితము గల ఎం.పి.సి.లో చేరవలెనా, జీవశాస్త్రము గల బై.పి.సి.లో చేరవలెనా యని నెలదినములు మా యింట వాదము జరిగినది. మావారు గణితోపాధ్యాయులు, గణితము లేని చదువు చదువే కాదని వారి మతము. పిల్లకు రెండును ప్రియములే. భారత భాగవతములు తప్ప నెఱుగని నేనేమి చెప్పగలను? 2023-24లో డిగ్రీయందు మూడు శాస్త్రములు సమముగా చదువు పాత పద్ధతికి మాఱుగా నొక్కటే ప్రధానవిషయముగా నేర్పఱచినది మొదలు, ముందే సరిగా నెంచుకొనవలెనను భయము మఱింత హెచ్చినది.

ఇట్లుండగా కుప్పములోని మా యాడుబిడ్డను చూచుటకు పిల్లతో మదనపల్లెలో బస్సెక్కితిని. 1915లో అనీబిసెంటమ్మగారు స్థాపించిన కళాశాల దాటునపుడు పిల్ల తలత్రిప్పి చూచినది. 1919లో రవీంద్రులు జనగణమనకు ఆంగ్లానువాదము చేసినది యిచ్చటనే. ఆయనకు గ్రూపుల బాధ లేదు గదా యని నాలో ననుకొంటిని!

టమాట తోటలు, మల్బరి చేలు దాటి పుంగనూరు చేరితిమి. ఆ రాత్రి మా పినతల్లిగారింట బస. వారి పెరటిలో పుంగనూరి యావు కలదు. ఎత్తు మూడడుగులకు లోపే. మనిషి నడుమునకు రాదు. ఆ యావునకు తగిన ఆబోతు దొరకుట లేదని పినతల్లి విచారము. ఊరిలో నున్న దొక్కటే; అదియు నీ యావును నొక తండ్రి బిడ్డలే. మేలుజాతి గదా, యేమి తప్పని ఆమె పట్టు.

మా పిల్ల ముగ్గుపిండి తెచ్చి అరుగుపై వంశవృక్షము గీచినది. ప్రతి లక్షణమునకును తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి జన్యువు వచ్చునట. ఒక తరము దిగునపుడెల్ల నొక ప్రతి చేరు అవకాశము సగము. సగములో సగము వేసికొనుచు పోయి, పుట్టబోవు దూడకు వచ్చు రెండు జన్యువులును తాతయందలి ఒకే జన్యువునకు ప్రతులగు అవకాశము ఎనిమిదవ వంతని తేల్చినది. అణగియున్న దోషమేదైన నున్నచో అప్పుడు రెండువైపులనుండియు కలిసి బయటపడునట. మంద చిన్నదైనకొలది యీ చిక్కు పెద్దది. పినతల్లి పలుకలేదు. ముగ్గు మాత్రము తుడువనీయలేదు.

మఱునాడు పలమనేరు దాటితిమి. ఈ జాతిని కాపాడుటకు పశుపరిశోధనాక్షేత్రము అచ్చట కలదు. పిల్ల కిటికీనుండి మొగము త్రిప్పలేదు.

కుప్పమున 1997లో ద్రావిడభాషల కొఱకు వెలసిన విశ్వవిద్యాలయమున జీవసాంకేతికశాస్త్రమునకును శాఖ యున్నదని మా వదినగారు చెప్పిరి. చెప్పి, "ఏది చదివిననేమి, మా యింటికి రావలసిన కోడలే కదా!" యని నవ్విరి. పిల్ల వ్రేళ్లు మడచి లెక్కించి, "అత్తా, మేనరికమైన పదునాఱవ వంతు" అన్నది. వదినగారికి తెలియలేదు. నాకు తెలిసి, నోట కొంగు క్రుక్కుకొంటిని. మాదియు మేనరికమే, మా పెండ్లినాడు ఈ లెక్క యెవ్వరును వేయలేదు.

ఇంటికి వచ్చి పిల్ల దరఖాస్తున బై.పి.సి. యని వ్రాసినది. మావారు కళ్లద్దములు సవరించుకొని మౌనముగా కూర్చుండిరి. "నాన్నగారూ, సాయంకాలములు నాకు సంభావ్యత చెప్పుదురా? ఆవుల లెక్కకు కావలెను" అని పిల్ల అడిగినది. వారు లేచి పాత గణితపుస్తకమునకై బీరువా తెఱచిరి.