మా మేడమీది కొయ్యనేల



ఇంటి నేలను గూర్చి వ్రాయుట అల్పవిషయముగా దోపవచ్చును. కాని దినమునకు నూరుమారులు మన పాదములు మోపునది నేలయే. దానిని ఊడ్చుటయు తుడుచుటయు మన వంతే. చిన్ననాట మా తండ్రిగారియొద్ద కావ్యములు చదువుకొంటిని గాని, కొయ్యనేలను గాపాడు విధము నాకెవ్వరును జెప్పలేదు. తెలియక నేను జేసిన తప్పొకటి మా యింట ఒకరి కాలిమీదికి దెచ్చెను. మీ యిండ్లలో నట్లు జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది పాత గాజువాకలోని పెంకుటిల్లు. క్రింద నాపరాతినేల. మెట్లెక్కి పోయినచో పైన నొకటే గది. దాని నేల టేకుపలకలది. మామగారి తండ్రిగారు రంగూనులో, మావైపువారి మాటలో రంగములో, బియ్యపుమిల్లు గుమాస్తాగా నుండిరి. విశాఖపట్టణమున 1933లో నౌకాశ్రయము తెరచిన కొలది యేండ్లకు ఆయన ఈ పలకలను ఓడలో బంపిరట. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన పిమ్మట ఆయన కట్టుబట్టలతో నిల్లుచేరిరి. అక్కడి కష్టార్జితములో మా కుటుంబమునకు దక్కినవి ఈ పలకలే. మామగారు పోయినది మొదలు అత్తగారు ఆ గదిలోనే పండుకొందురు.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో పైపెంకులు లేచిపోయి, వాన తిన్నగా ఆ గదిలో గురిసెను. పెంకులు మరల గప్పించితిమి గాని, పలకలమీద నల్లని మరకలు నిలిచిపోయెను. మా పుట్టినింట రాతినేల; శుక్రవారము వచ్చిన బిందెలతో నీరు పోసి కడుగుట నాకలవాటు. ఆ యలవాటుననే ఇక్కడను పసుపునీళ్లు పోసి కడిగితిని. మరకలు కానరాకుండుటకు మీద ప్లాస్టిక్ పట్టాను బరపించితిని. అత్తగారొకనాడు చూచి, "అమ్మాయీ, కొయ్యకు స్నానం కాదే, గాలి కావాలి" అనిరి. చదువుకొన్నదాననను గర్వమున ఆ మాటను పెడచెవిని బెట్టితిని.

నాలుగేండ్లు గడచెను. ఒక శ్రావణ శుక్రవారపు సాయంకాలము అత్తగారు దీపము చేతబట్టి గదిలోనికి బోవుచుండగా, గోడవార పలక విరిగి ఆమె పాదము దిగబడెను. చీలమండ బెణికి ఆమె నెలదినములు మంచమున నుండవలసివచ్చెను. చూడవచ్చిన వారందరితోను ఆమె "పాత ఇల్లు కదమ్మా" యని చెప్పిరే కాని, నా పేరెత్తలేదు. తిట్టియున్నచో నాకింత బాధ కలుగకపోవును.

మావారు ఆ నేలను బెరికించి, కాంక్రీటు వేయించి, టైల్సు పరపింపదలచిరి. కలప వర్తకుడొకడు వచ్చి బేరమును జేసిపోయెను. "రేపు మరొకరి కాలు విరిగితే?" యని మావా రడిగినదానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. ఒక్క నెల గడువిమ్మని మాత్రము వేడుకొంటిని.

1941లో సింధియా కంపెనీవారు స్థాపించిన నౌకానిర్మాణశాల మా యూరికి దాపుననే కలదు. 1952లో అది ప్రభుత్వముపాలైనను, ఆ చోటును జనులు నేటికిని సింధియా యనియే పిలుతురు. 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోనికి విడిచిన జలఉష యను ఓడ అక్కడ నిర్మింపబడినదే. ఆ శాలలో పనిచేసి విశ్రాంతి గొన్న వృద్ధవడ్రంగి యొకడు మా వీథిలో నుండగా పిలిపించితిని. ఓడల పైతట్టుకు టేకునే వాడుదురని విని, "తాతా, సముద్రపు నీటికే చెడని కొయ్య నా బిందెడు నీళ్లకు చెడునా?" యని యడిగితిని. అతడు నవ్వి, "ఓడమీద పడ్డ నీరు గాలికీ ఎండకీ ఆరిపోద్దమ్మా. మీరు నీళ్లు పోసీసి మీద మూతెట్టీసేరు. ఆరడానికి దారేదీ?" యనెను. నా చదువంతయు ఆ యొక్క ప్రశ్నకు దలవంచెను.

అతడు చెప్పినదానిని, పిదప నేను చదివి తెలిసికొన్నదానిని వ్రాయుచున్నాను. కొయ్యలోని తేమ నూటికి ఇరువది పాళ్లు మించినగాని కుళ్లుబూజు పట్టదు. ఆరుచుండిన కొయ్య యేండ్లతరబడి నిలుచును; తడి లోన నిలిచినదే చెడును. చెదలును తడిగోడనే వెదకికొని మట్టిగొట్టములు కట్టుకొని పైకెక్కును. టేకునందైనను చేవలో మాత్రమే చెదల నెదిరించు సహజతైలముండును. చేవచుట్టునుండు తెల్లని భాగమునకు ఆ బలము లేదు. విరిగిన మా పలక అంచున ఆ తెలుపు కలదు.

వడ్రంగి ప్రతి పలకకును సుద్దతో సంఖ్య వేసి, ఒక్కొక్కటిగా నూడదీసెను. సుత్తితో తట్టగా మంచి పలక ఖంగుమనెను. చెడినది బొద్దుగా బలికెను. ఇరువదిరెండు పలకలలో మూడును, గోడలోనికి జొచ్చిన యొక దూలపుకొసయు మాత్రమే చెడినవి. క్రొత్త కలప పాతదానితో సమముగా ముడుగదు గావున పాతటేకే కావలెననెను. అది యెక్కడ దొరకునాయని నేను చింతించుచుండగా, అత్తగారు మంచముమీదనుండియే, "పెరట్లో మా పుట్టింటి దూలం ఉంది కదే, దాన్ని కోయించు" అనిరి.

ఆమె పుట్టినయూరు నేడు లేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారమునకై ఖాళీచేసిన గ్రామములలో నదియొకటి. ఇండ్లు విప్పినప్పుడు ఆమె యన్నదమ్ములు ద్వారబంధములను దూలములను బండ్లపై దెచ్చిరి. వానిలో నొకదానిని ఆమె యిన్నేండ్లును పశువులపాకలో దాచుకొనిరి. కోయింపుమని చెప్పునప్పుడు ఆమె కంఠము వణకలేదు. నాకు మాత్రము కన్నులు చెమర్చెను.

ఆ దూలమునుండి మూడు పలకలును, దూలపుకొసకు దాపు కొయ్యయు వచ్చెను. ఉప్పుగాలికి ఇనుపమేకులు త్రుప్పుపట్టునుగాన ఇత్తడిమరలు బిగించితిమి. వానకాలమున పలకలుబ్బుటకై గోడపొడుగున అరయంగుళము సందు విడిచితిమి. దూలము గోడలోనికి జొచ్చుచోట గాలియాడుటకు చోటుంచి, చెదలమందు పూయించితిమి. మరకలు పోవుటకు తేలికగా చిత్రికపట్టి, 60, 100, 150 సంఖ్యల గరుకుకాగితములతో వరుసగా, కొయ్య నార వెంబడియే రుద్దించితిమి; నారకడ్డముగా రుద్దినచో గీతలు నిలిచిపోవును. పిదప అవిసెనూనెను టర్పెంటైనుతో సమముగా గలిపి పలుచగా పూసి, అరగంట యైనపిమ్మట కొయ్య పీల్చని నూనెను తుడిచివేసితిమి. పూతపూతకు నడుమ బాగుగా నారనిచ్చి మూడు పూతలు వేసితిమి.

ఇక్కడ నొక హెచ్చరిక. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ముద్దగా జుట్టి మూలబెట్టరాదు. అవి తమంతట వేడెక్కి నిప్పంటుకొనును. వానిని ఆరుబయట విప్పి యారవేయవలెను, లేదా నీట ముంచవలెను.

ఇప్పటి యపార్టుమెంట్లలో కొయ్యనేల కావలెనను సోదరీమణులకును ఒక మాట. అంగళ్లలో చవుకగా నమ్ము లామినేట్ పలక, కొయ్యపొడిని అదిమి మీద కొయ్యపోలిక బొమ్మకాగిత మంటించినది. తడికి ఉబ్బును, చిత్రికపట్ట వీలులేదు. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని భ్రమసినట్లు, మనము కాగితమును కొయ్య యనుకొనుచున్నాము. పొరలుగా నతికిన పలకలపై నిజమైన కొయ్య పలుచగా నుండును. ఒకటి రెండుమారులు మాత్రమే రుద్దవచ్చును. నిండుకొయ్య కొనువారు రంగును జూచి మోసపోక, పలక కొసను జూచి చేవయెంతయో తెల్లయెంతయో యెరుగవలెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనములకు దగిన కొయ్యలను జెప్పుచు శాకమును, అనగా టేకును, పేర్కొనెను. పిడుగువలనను గాలివలనను పడిన చెట్లను వలదనెను. శకునము మాట యెట్లున్నను, అట్లు పడిన మ్రాను లోన చీలియుండవచ్చునుగదా! స్నానపుగదికిని వంటయింటికిని మాత్రము రాయియే మేలు.

ఇప్పుడా గదిని పొడిచీపురుతో నూడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో నొకమారు తుడిచి, కిటికీలు తెరచియుంచుచున్నాను. ప్లాస్టిక్ పట్టాను పశువులపాకమీద గప్పించితిని.

కాలు నయమైన పిదప అత్తగారు నా భుజముపై చేయివేసి మెట్లెక్కిరి. గోడవార నున్న మూడు పలకలు కొంచెము నల్లగా, వేరుగా దెలియుచుండెను. ఆమె వానిపై పాదమాని, ఒకింత సేపు నిలిచి, "మా నాన్న కూర్చునే వసారాలో దూలమే ఇది" అనిరి. పిమ్మట, "శుక్రవారం నీళ్లు గడపకు పొయ్యవే, చాలు" అని నవ్విరి. నేడు నేనట్లే చేయుచున్నాను.