తాత దిగిన ఓడ

కామాటిపుర చాల్‌లో మాకున్నది ఒకే గది. అందులో మూడు నెలలుగా ఓ ఓడ తయారవుతోందంటే చదువరులు నవ్వుకోవచ్చు. పేరు ‘ఫోర్ట్ స్టికీన్’. 1942లో కెనడాలో కట్టారు. సుమారు 441 అడుగుల పొడవు. రెండువందల్లో ఒకటో వంతుకు తగ్గిస్తే, నా అట్టముక్కల మీద ఇరవై ఆరున్నర అంగుళాలు. బ్యాంకులో పైసా తేడా వస్తే ఇంటికి వెళ్ళనివాణ్ణి, కొలతల్లో ఊరుకుంటానా?

1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాకులో ఆ ఓడ పేలింది. తాత అందులో సరుకు దించే కూలీ. రెండో నంబరు హోల్డులో పత్తి బేళ్ళూ, పేలుడు సామానూ ఒక్కచోటే నింపారు. మధ్యాహ్నం పొగ చూసి కూలీలు పైకి వచ్చేశారు. తాతా దిగాడట. అయితే ఆ రోజు కూలి తీసుకునే పోదామని డాకులోనే ఆగాడని నాయనమ్మ చెప్పేది. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు.

ఓడలోని బంగారు కడ్డీలు కొన్ని ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా పూడికలో దొరికాయి. తాత ఆనవాలు దొరకలేదు.

ఓడ మీద ముత్తాతను నిలబెట్టమంటాడు మా అబ్బాయి. దిగిపోయాడు కదరా! అందుకే ఇప్పుడు డాకు గట్టుకు కూడా అట్ట కోస్తున్నాను.