అరవై ఏడవ ఏట బాంజో : వ్రేళ్ళ వేగము, నా భయము

ఉద్యోగ విరమణ చేసిన మూడవ నెలలో నేనొక బాంజో కొనుక్కున్నాను. అప్పటికి నా వయస్సు 67 సంవత్సరాలు. మన ఊళ్ళలో టైపు మీటలు నొక్కుతూ వాయించే బుల్బుల్ తరంగ్‌ను కూడా బాంజో అంటారు గాని, నేను చెప్పేది అది కాదు. ఇది డప్పు వలె పొర బిగించిన గుండ్రని చట్రము, పొడవైన మెడ, ఐదు తీగలు గల అమెరికా వాద్యం. ఐదవ తీగ మిగిలిన వాటికంటె పొట్టిది. తంబురా శ్రుతి వలె మాటిమాటికి మోగుతుంటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడిన ప్రజలు తమ తంత్రీవాద్యాల స్మృతితో దీనిని రూపొందించారు. నేను చిరకాలం వైద్యం చేసిన నార్త్ కెరొలైనా రాష్ట్రంలోనే 1924లో ఎర్ల్ స్క్రగ్స్ జన్మించాడు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు వరుసలు మార్చుకుంటూ మీటే పద్ధతిని లోకప్రసిద్ధం చేసినవాడు ఆయనే. ఆయన 1949లో రికార్డు చేసిన 'ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్' వినండి. సెకనుకు సుమారు పది స్వరాలు దొర్లిపోతుంటాయి.

నా కోరిక అంత పెద్దది కాదు. 'క్రిపుల్ క్రీక్' అని ప్రారంభకులందరికీ నేర్పే చిన్న పాట ఉంది. దానిని మా ఊరి వాద్యగాళ్ళ గుంపులో కూర్చుని, వారితో సమానంగా వాయిస్తే చాలుననుకున్నాను. మొదటి సంవత్సరం బాగానే సాగింది. మెట్రోనోము నిమిషానికి 60 దెబ్బల నుంచి 88 వరకు వచ్చింది. దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున, అంటే సెకనుకు ఆరు స్వరాలన్నమాట. అక్కడ ఆగిపోయింది. ఐదు నెలలు ప్రతిదినం గంటకు తక్కువ కాకుండా సాధన చేసినా 90 దాటితే వ్రేళ్ళు చిక్కుపడేవి. నడిమివ్రేలు ప్రతిసారీ ఆలస్యమయ్యేది.

మీరైతే వయస్సు మీద నింద వేసి ఊరుకునేవారేమో. వైద్యుడికి ఆ సుఖం లేదు. మా అన్నయ్యకు పార్కిన్సన్ వ్యాధి ఉంది. ఆయనకు అది చేతి వణుకుతో మొదలు కాలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడంతో మొదలయింది. అందుచేత నా వ్రేలి ఆలస్యం నాకు సంగీత సమస్యగా కనిపించలేదు. రాత్రివేళ ఇల్లాలు నిద్రపోయాక స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి బొటనవ్రేలికి చూపుడువ్రేలిని టకటక తాకిస్తూ నన్ను నేను పరీక్షించుకునేవాడిని. ఆ వ్యాధిలో తాకిస్తున్నకొద్దీ వ్రేళ్ళ నడుమ ఎడం తగ్గిపోతుంది, నడుమ నడుమ ఆగిపోతుంది. నాకు తగ్గలేదు. అయినా మరుసటి రాత్రి మళ్ళీ చూసుకునేవాడిని. ఇతరులకు చెప్పే ధైర్యం తనకు తాను చెప్పుకోవడం వైద్యులకు చేతకాదు!

చివరకు నాడీవైద్యుడైన మిత్రుని వద్దకు వెళ్ళాను. ఆయన నన్ను నడిపించాడు, కాగితం మీద నాలుగు వాక్యాలు వ్రాయించాడు, మణికట్టును వంచి బిగువు చూశాడు, వాసనలు తెలుస్తున్నాయా అని అడిగాడు. వ్యాధి లక్షణాలేవీ లేవన్నాడు. మీకు కూడా ఇటువంటి అనుమానం కలిగితే ఒక్క వ్రేలిని చూసి భయపడవద్దు. స్నానం, భోజనం, నడక వంటి పనులన్నిటిలో నెమ్మదితనం, ఒక ప్రక్క ఎక్కువగా బిగుసుకోవడం, దస్తూరి చిన్నదవుతూ రావడం, వాసన మందగించడం ఉంటే ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోండి.

ఇక నా ఆలస్యానికి కారణం కనిపెట్టినది నాడీవైద్యుడు కాదు, మా ఆవిడ. "మీరు వాయించేటప్పుడు పళ్ళు కొరుకుతున్నారండీ," అన్నది ఒకనాడు వంటగదిలోంచి వచ్చి. అద్దంలో చూసుకున్నాను. దవడ బిగిసింది, భుజం చెవిదాకా లేచింది. ఈ పద్ధతిలో ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు పొర మీద ఆనించి ఉంచాలి. నేను ఆనించడం లేదు, గుచ్చుతున్నాను.

ఇప్పుడొక చిన్న పరీక్ష చేయండి. అరచేతిని బల్లపై బోర్లా ఉంచి నడిమివ్రేలిని లోపలికి మడిచి, మిగిలిన వ్రేళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తండి. ఉంగరపువ్రేలు లేవదు. చేతి వెనుక ఈ రెండు వ్రేళ్ళను చాచే స్నాయువుల మధ్య అడ్డబంధాలుంటాయి. ఒకదానిని బిగబట్టి రెండవదానిని పరుగెత్తమనడం ఎద్దులలో ఒకదానిని గుంజకు కట్టి బండి తోలడం వంటిదే. పైగా తొందరలో వ్రేలిని ముడిచే కండరాలు, చాచే కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. బలం రెండింతలు ఖర్చవుతుంది, కదలిక మాత్రం సగమవుతుంది.

వయస్సు పాత్ర లేదని అనను. వార్ధక్యంలో నాడులలో సంకేతాల వేగం కొంత తగ్గుతుంది, త్వరగా ముడుచుకునే కండర తంతువులు క్షీణిస్తాయి. కాని కొత్త కదలికలు నేర్చుకునే శక్తి చిన్నమెదడుకు, మెదడు అడుగున ఉండే నాడీకణ సముదాయాలకు పోదు. నేర్చినది నిద్రలో గట్టిపడుతుంది గనుక గంటసేపటి సాధనను మూడు ఇరవై నిమిషాలుగా విడగొట్టాను, రాత్రి మేలుకొనడం మానాను.

అసలు మార్గం నా బాల్యంలోనే ఉంది. మా అక్కకు సంగీతం చెప్పిన మాస్టారు సరళీ స్వరాలను మూడు కాలాలలో పాడించేవారు. తాళం మారదు; దెబ్బకు ఒక స్వరం, తరువాత రెండు, తరువాత నాలుగు. నేనేమో మెట్రోనోమును ముందుకు తోసి దాని వెంట పరుగెత్తుతున్నాను. ఇప్పుడు కాలితో దెబ్బను నెమ్మదిగా నిలిపి, అదే పాటను మూడు కాలాలలో సగం ధ్వనితో వాయించాను. వేగం కావలసిన చోట నాలుగు స్వరాలు మాత్రమే చురుకుగా మీటి, చేతిని పూర్తిగా వదులు చేసి, మళ్ళీ నాలుగు. బొటనవ్రేలి మొదట్లో నొప్పి వచ్చిన రోజున వాద్యం ముట్టలేదు. తిమ్మిరి గాని, వాయించేటప్పుడు మాత్రమే ఒక వ్రేలు తనంతట తాను ముడుచుకొనిపోవడం గాని ఉంటే, పట్టుదలతో సాధన పెంచకండి, వైద్యులకు చూపండి.

ఎనిమిది నెలలకు 108 వచ్చింది. అక్కడే ఉన్నాను. మా ఊరి గుంపు 120కి పైన వాయిస్తారు. మొదటి అరగంట నిదానమైన పాటలలో వారితో ఉండి, తరువాత కుర్చీ వెనక్కు జరుపుకుని వింటాను.

గత మాసంలో తెనాలిలో ఉన్న అన్నయ్యకు వీడియోలో 'క్రిపుల్ క్రీక్' వినిపించాను. ఆయన కుర్చీ చేతిమీద తాళం వేయడం మొదలుపెట్టాడు. దెబ్బకు దెబ్బకు మధ్య చాలా ఎడముంది. "తొందరపడకురా," అన్నాడు. నేను ఆయన చేతిని చూస్తూ, ఆ తాళానికే వాయించాను. వేగం ఎంతో కొలవలేదు.