డముకు మలుపు

5 అక్టోబరు 2025, ఆదివారం

టైడా దాటాక, డముకు వ్యూపాయింటు ఇంకా రెండు మలుపులుందనగా బండి బలం పోయింది. ఇంజను ఆగలేదు. అప్పటిదాకా సెకండు గేరులో బాగానే ఎక్కింది. ఉన్నట్టుండి యాక్సిలరేటరు నేలకంటా తొక్కినా లాగడం మానేసింది. కుదుపు లేదు, టపటపలు లేవు. పొయ్యి మీద మంట తగ్గించినట్టు తగ్గిపోయింది. వెనకే బస్సు. ఒక్కసారి కూడా హారన్ కొట్టకుండా ఓపిక పట్టిన ఆ డ్రైవరుకి దణ్ణం పెట్టాలి.

"చోక్ కొద్దిగా లాగమ్మా" అన్నారు నాన్న. లాగాను. నాలుగైదు సెకన్లు ఊపిరి తీసుకుని మళ్లీ నీరసించింది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపాను. మొన్నటి వానలకి గెడ్డలన్నీ నిండుగా ఉన్నాయి. ఆ హోరు వింటూ ఇద్దరం పావుగంట కూర్చున్నాం. తాళం తిప్పితే వెంటనే లేచింది. ఏ జబ్బూ ఎరగనట్టు ఎక్కింది. ఆరు నిమిషాలకి మళ్లీ అదే.

అనంతగిరి ఆశ వదులుకుని వెనక్కి తిప్పాం. దిగేటప్పుడు ఒక్కసారీ తడబడలేదు.

బానెట్ మీద ఆయుధపూజ నాటి బొట్టు ఇంకా చెరగలేదు.

6 అక్టోబరు

స్టాఫ్ రూములో ఖాళీ పీరియడ్‌లో రాసుకున్నవి: ఐడిల్‌లో బాగుంటుంది. ఊళ్లో బాగుంటుంది. ఎక్కువసేపు గట్టిగా లాగితేనే పడిపోతుంది. పావుగంట ఆగితే కోలుకుంటుంది. చోక్ లాగితే క్షణం లేస్తుంది.

చివరిది ముఖ్యమనిపిస్తోంది. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. దానికే లేచిందంటే బండికి పెట్రోలు చాలడం లేదేమో.

7 అక్టోబరు

ఇంటి దగ్గరి షెడ్డు. మెకానిక్ బానెట్ ఎత్తగానే "కాయిలు పోయింది మేడమ్, వేడెక్కితే కరెంటు ఇవ్వదు, చల్లారితే ఇస్తుంది" అన్నాడు. అది తీసిపారేసే మాట కాదు. పాత కాయిళ్లు సరిగ్గా అలాగే చేస్తాయి. కొత్త కాయిలు, మూడు ప్లగ్గులు వేశాడు. బలం ఎలా పోయిందో మాత్రం అడగలేదు. నేను చెప్పబోతే వినలేదు.

8 అక్టోబరు, రాత్రి

కాలేజీ నుంచి నేరుగా హైవే ఎక్కి ఆనందపురం వైపు వెళ్లాను. ఎనభైలో ఇరవై నిమిషాలు. మళ్లీ పడిపోయింది, యాభైకి మించి పోనంది.

ఈసారి ఐడిల్‌లో తిరగనివ్వలేదు. బలం పోయిన క్షణంలోనే తాళం తీసేసి, క్లచ్ నొక్కి, దొర్లించుకుంటూ పక్కకు ఆపాను. ఇంజను కాస్త చల్లారాక ప్లగ్గు విప్పాను. నిన్న వేసిన ప్లగ్గు. పింగాణీ భాగం సుద్దముక్కలా తెల్లగా ఉంది.

ఆపే ముందు రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ప్లగ్గు మీద ఐడిల్ సంగతే కనబడుతుంది, జబ్బు సంగతి చెరిగిపోతుంది. సరిగ్గా మండితే ఆ పింగాణీ బిస్కట్ రంగులో ఉండాలి. పెట్రోలు ఎక్కువైతే మసి, తక్కువైతే తెలుపు.

తెలుపు చూసి నిద్ర పట్టలేదు. మొన్నటి ఘాట్‌లో కూడా ఇదే జరిగి ఉంటే లెక్క అడ్డం తిరుగుతుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది. కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, పోసేది పోస్తూనే ఉంటుంది. అంటే కొండెక్కే కొద్దీ పెట్రోలు పాలు పెరగాలి, మసి రావాలి. బలం కూడా కొంత తగ్గాలి, అది సహజం. తెల్లబడటం మాత్రం సహజం కాదు.

9 అక్టోబరు

నాన్న అంబాసిడర్ రోజులు గుర్తు చేసుకున్నారు. ఎండాకాలం పెట్రోలు పంపులో ఆవిరి పట్టేస్తే తడిగుడ్డ చుట్టేవారట. సాయంత్రం ఆయన తృప్తి కోసం, నా అనుమానం కోసం కూడా, హైవే మీద పంపుకి తడి తువ్వాలు చుట్టి చూశాం. తేడా లేదు.

ట్యాంకు మూత తీసి కూడా విన్నాను. గాలి లోపలికి పోయే రంధ్రం పూడితే మూత తీయగానే బుస్సుమనాలి. అననేలేదు.

12 అక్టోబరు, ఆదివారం

ఆటోనగర్. కార్బొరేటర్ బళ్లు ఇప్పటికీ పట్టుకునే పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. అరవై ఐదు దాటి ఉంటాయి. బానెట్ వైపు చూడకుండా ముందు నన్ను కూర్చోబెట్టాడు.

"బలం పోయినప్పుడు ఎలా పోయిందమ్మా? కాలు విరిగినట్టా, గొంతు నొక్కినట్టా?"

గొంతు నొక్కినట్టే అన్నాను. కరెంటు పోతే కాలు విరిగినట్టు టక్కున పడుతుందట, కుదుపులతో. పెట్రోలు అందకపోతే గొంతు నొక్కినట్టు మెల్లగా పోతుందట. పన్నెండేళ్లుగా పాలిటెక్నిక్‌లో ఐ.సి. ఇంజన్లు చెబుతున్నాను. ఇంత చక్కగా ఏ పిల్లవాడికీ చెప్పలేదు.

అయినా గొంతే అని తేల్చేయలేదు. "మిగతావి కాదని చూసుకుందుము, తర్వాత దాని సంగతి" అన్నాడు. కంప్రెషన్ చూశాడు: 165, 160, 165 పౌండ్లు. వాల్వులూ రింగులూ బాగానే ఉన్నట్టు. ఇన్‌టేక్ మానిఫోల్డుకి వాక్యూమ్ గేజి తగిలించాడు. ఐడిల్‌లో ముల్లు 18 అంగుళాల దగ్గర కదలకుండా నిలిచింది. ఇంజను వేగం పెంచి రెండు నిమిషాలు అలాగే పట్టుకున్నాడు. సైలెన్సరు లోపల తుప్పు రేకులు ఊడి దారి మూసేస్తే ముల్లు నెమ్మదిగా కిందికి జారుతుంది. జారలేదు. టైమింగ్ లైటు పట్టాడు. డెల్కో అడ్వాన్సు తన పని తాను చేస్తోంది.

ఒక్క సామానూ మార్చలేదు. గంటన్నర పట్టింది. షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ ఈ గంటన్నర ఇవ్వాలి. ఇవ్వనిచోట డబ్బులు ఊరికే పోతాయి, బండి మీద నమ్మకమూ పోతుంది.

అదే రోజు, మధ్యాహ్నం

మేస్త్రీ డిస్ట్రిబ్యూటర్‌ని "డెల్కో" అంటాడు, పెట్రోలు పంపుని "ఏసీ పంపు" అంటాడు. రెండూ పాత అమెరికా పేర్లే. కెట్టరింగ్ వాళ్లు 1909లో డేటన్‌లో పెట్టిన కంపెనీ పేరు డెల్కో. ఏసీ అన్నది ఆల్బర్ట్ ఛాంపియన్ పేరులోని మొదటి అక్షరాలు. ఆటోనగర్ పిల్లల నోట అవి ఇంకా బతికున్నాయి.

13 అక్టోబరు

ఈరోజు మేస్త్రీ చేసిన పరీక్ష పిల్లలకి చూపించి తీరాలి.

కార్బొరేటర్‌కి వెళ్లే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టాడు. ఇంజను ఐడిల్‌లో నడుస్తోంది, ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోలు దానికి కాసేపు సరిపోతుంది. పంపు సీసాలోకి చిమ్మడం మొదలెట్టింది. జుయ్, జుయ్ మంటూ బలంగా. నలభై సెకన్లకి ధార సన్నబడింది, నిమిషానికి దారంలా అయింది, మధ్యలో బుడగలు.

"పంపు పోయింది" అన్నాను.

"ఆగమ్మా." పంపు లోపలికి పీల్చే గొట్టాన్ని ట్యాంకు నుంచి విడదీసి, పక్కన డబ్బాలో ముంచాడు. మళ్లీ నడిపాడు. ధార చివరిదాకా తగ్గలేదు.

పంపు బాగుంది. రోగం పంపుకి వెనకాల, ట్యాంకు వైపు ఉంది. రూపాయి ఖర్చు లేకుండా బండిలో సగం కొట్టేశాడు.

రాత్రి లెక్క వేసుకున్నాను. 796 సీసీ ఇంజను ఐడిల్‌లో గంటకి అర లీటరుకి అటూ ఇటూ తాగుతుంది. ఘాట్‌లో పూర్తిగా తొక్కితే ఆరేడు లీటర్లు కావాలి. పది రెట్ల పైమాట. సగం పూడిన దారిలో కూడా అర లీటరు వచ్చేస్తుంది, అందుకే ఊళ్లో జబ్బు కనబడదు. ఘాట్‌లో ఫ్లోట్ గిన్నె అర నిమిషంలో ఖాళీ అవుతుంది.

మరి ఆగితే ఎందుకు కోలుకుంటుంది?

14 అక్టోబరు

పొద్దున్న స్నానాలగదిలో తట్టింది. బకెట్‌లో గొట్టం పెట్టి నోటితో పీల్చినప్పుడు గొట్టం మూతికి ఆకు అంటుకుంటే, పీల్చినంతసేపూ అంటుకునే ఉంటుంది. వదిలితే ఊడిపోతుంది. ట్యాంకులో ఏదో తేలుతోంది.

మేస్త్రీకి ఫోను చేశాను. "నేనూ అదే అనుకుంటున్నానమ్మా" అన్నాడు. కంప్రెసర్‌తో లైనులోకి వెనక్కి గాలి కొట్టాడు, ట్యాంకులో గుడగుడమంది. చూద్దాం.

18 అక్టోబరు

నాలుగు రోజులు బంగారంలా నడిచింది.

19 అక్టోబరు

మళ్లీ పడిపోయింది. ఈసారి బాధ వేయలేదు. అనుకున్నదే.

ట్యాంకు దించాలి. దీపావళి టపాకాయలు పూర్తిగా ఆగేదాకా పెట్రోలు ట్యాంకు ముట్టుకోనన్నాడు మేస్త్రీ. ఆ మాటకి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

23 అక్టోబరు

దించారు.

వెలుతురు బాగా ఉన్న చోట, బ్యాటరీ వైరు ముందే తీసేసి. అడుగున ఉన్న పెట్రోలు గోదావరి వరద నీటి రంగులో ఉంది. తెల్ల బకెట్‌లో పోసి పది నిమిషాలు ఉంచితే కిందికి తుప్పు పొడి, మధ్యలో జిగురు పొరలు, రబ్బరు గొట్టం లోపలి నుంచి ఊడిన నల్ల తునకలు. పీల్చే గొట్టం చివర ఉండే జాలీ మీద ఇదంతా కలిసి మీగడలా పట్టింది. వేలితో తీస్తే పొరలా వచ్చింది.

చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. 2020 లాక్‌డౌన్‌లో ఈ బండి సగం ట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో ఉంది. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, రాత్రిళ్లు అది రేకు మీద చెమర్చి అడుక్కి దిగుతుంది. పైగా సముద్రపు ఊరు. ఆ తప్పు నాదే. ట్యాంకు నింపి ఉంచాల్సింది, వారానికోసారి తిప్పాల్సింది. తెలిసి కూడా చేయలేదు.

జిగురు సంగతి వేరు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, ఐదో వంతు ఇథనాలు. ఇన్నేళ్లుగా ట్యాంకు గోడలకి పట్టిన పాత పెట్రోలు జిగురుని ఇథనాలు కరిగించి వదిలిస్తుంది, దానికి తగనిదైతే పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. ఇంకోటి, కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాలుకి 9 చాలు. కొత్త బళ్లు ఆక్సిజన్ సెన్సరు చూసుకుని పెట్రోలు పెంచుకుంటాయి. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, మిశ్రమం కాస్త పలచబడుతుంది. కానీ ఆ కాస్తతో డముకు మలుపులో జరిగింది జరగదు. మనసులోని కోపాన్నంతా ఇథనాలు మీద పోసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. తుప్పు ముందే ఉంది.

25 అక్టోబరు

ట్యాంకులో చిన్న గొలుసు ముక్కలు వేసి ఇద్దరు కుర్రాళ్లు ఊపారు, వేడినీళ్లతో కడిగారు, మళ్లీ ఊపారు. ఏడోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. ఇథనాలుకి తట్టుకునే కొత్త గొట్టాలు చెప్పాను.

కొత్త జాలీ దొరుకుతుందా అని భయపడ్డాను. ఈ మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయితే ఓమ్నీలో కూడా ఇదే 796 సీసీ ఇంజను, అది 2019 దాకా వచ్చింది. అందుకే ఆటోనగర్‌లో ఈ కుటుంబం సామాన్లకి ఇంకా కరువు రాలేదు.

28 అక్టోబరు

మొంథా తుఫాను. రోజంతా వాన, కాలేజీకి సెలవు. మేస్త్రీ ఫోను చేశాడు: "బెంగ పెట్టుకోకమ్మా, ట్యాంకు లోపలి గదిలో పెట్టాను, మూతికి గుడ్డ కట్టాను." తన షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్న రాత్రి ఆయన నా ట్యాంకు గురించి ఫోను చేశాడు.

2 నవంబరు

కొత్త పెట్రోలు ఫిల్టరుతో సహా ట్యాంకు బిగించారు. సీసా పరీక్ష మళ్లీ చేశాడు. మూడు నిమిషాలు ధార ఒకటే తీరు.

9 నవంబరు, ఆదివారం

కార్తీకం. ఎస్.కోట దాటినప్పటి నుంచీ వనభోజనాల బస్సులు. టైడా. రేడియో కట్టేశాను. నాన్న చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి పెట్టుకున్నారు, చెవికంటే అదే ఆయనకి బాగా వినబడుతుంది ఇప్పుడు. మొదటి మలుపు, రెండో మలుపు. సెకండు గేరులో పూర్తిగా తొక్కి ఉంచాను. లాగుతూనే ఉంది. మేం ఆ రోజు ఆగిన చోటు పక్కనుంచి వెళ్లింది, గెడ్డ ఇంకా పారుతోంది. నాన్న ఏమీ అనలేదు, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

గాలికొండ దగ్గర ఇంజను ఆపి, టీ తాగేదాకా చల్లారనిచ్చి, ప్లగ్గు విప్పి చూశాను. అంచున కొద్దిగా మసి, లోపల బిస్కట్ రంగు.

కొత్త ఫిల్టరు మూడు వందల కిలోమీటర్లకి మళ్లీ విప్పి చూడమన్నాడు మేస్త్రీ. ఈరోజు మీటరు అంకె ఫిల్టరు పెట్టె మీద పెన్సిల్‌తో రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను.