చదివినవి రెండు, విన్నవి రెండు, వినిపించినది ఒకటి

ఈ నాలుగైదు నెలల్లో ఐదు నవలలు పూర్తయ్యాయి. రెండు చదివాను, రెండు విన్నాను, ఒకటి నేనే పైకి చదివి ఇంకొకరికి వినిపించాను. మా టీమ్‌లో ఒకాయన, "ఆడియోబుక్ వినడం చదవడం కిందకి రాదు బాస్, పక్కవాడు తింటుంటే రుచి ఎలా ఉందని అడగడం లాంటిది అది" అంటాడు. లంచ్ దగ్గర ఈ వాదన ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. అరగంటలో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా. నా లెక్క ప్రకారం కొన్ని పుస్తకాలు కంటికోసం రాసినవి, కొన్ని చెవికోసం రాసినవి. ఏది ఏదో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. మిగతా సగం మా నాయనమ్మ తీర్చింది. ఆ సంగతి చివర్లో.

ముందు విన్నవి. మాది నరసరావుపేట దగ్గర ఓ పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. నెలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కితే మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ మీదుగా తెల్లారేసరికి ఇంటికి చేరతాను. లైట్లు ఆర్పేశాక బస్సులో పుస్తకం చదవలేం, ఫోను తెర చూస్తుంటే నాకు తల తిరుగుతుంది. అలా మొదలైంది వినడం.

మొదటిది ఆండీ వీర్ రాసిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' (2021). అంతరిక్ష నౌకలో ఒకడికి మెలకువ వస్తుంది. తనెవరో, అక్కడికి ఎందుకొచ్చాడో గుర్తులేదు. సూర్యుడి శక్తిని తినేస్తున్న ఓ సూక్ష్మజీవి సంగతి తేల్చడం తన పని అని మెల్లగా గుర్తొస్తుంది. మన ఐటీ జనానికి ఇది ఎందుకు నచ్చుతుందంటే, మొదట్నుంచి చివరిదాకా ఇది డీబగ్గింగే! కూడా వచ్చినవాళ్ళు బతికి లేరు, అడుగుదామంటే మనిషి లేడు, డెడ్‌లైన్ మాత్రం ఉంది :) ఇందులో రాకీ అని ఓ గ్రహాంతరవాసి ఉన్నాడు. వాడి భాష అంతా స్వరాలే. ఆడియోలో ఆ స్వరాలు నిజంగానే వినిపిస్తాయి. వినగా వినగా హీరోతోపాటు మనకీ ఆ భాష అలవాటవుతున్నట్టు ఉంటుంది. రే పోర్టర్ చదివిన ఈ పుస్తకానికి 2022లో ఆడీ అవార్డుల్లో ఆ ఏటి మేటి ఆడియోబుక్ బహుమతి వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, భూమ్మీద జరిగే ఫ్లాష్‌బ్యాకుల్లో మనుషులందరూ ఒకే రకం జోకులేస్తారు. అక్కడ నాకు కాస్త కునుకు పట్టింది.

రెండోది అగాథా క్రిస్టీ 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' (1926). వందేళ్ళ నాటి డిటెక్టివ్ నవల. హంతకుడెవరో చెప్పను, చెప్తే పాపం తగులుతుంది. ఒక్కటి మాత్రం చెప్తా. పుస్తకం చేతిలో ఉంటే అనుమానం వచ్చినప్పుడల్లా పేజీలు వెనక్కి తిప్పుతాం. బస్సులో చీకట్లో వింటుంటే ఆ ఓపిక ఉండదు, చెప్పేవాడి గొంతుని నమ్ముకుని ముందుకి పోతాం. ఈ నవలకి కావాల్సింది సరిగ్గా ఆ నమ్మకమే. చివర్లో దిమ్మ తిరిగింది.

ఇకపోతే చదివినవి. అంపశయ్య నవీన్ 'అంపశయ్య' (1969). ఈ నవల పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్కరోజు కథ. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రిదాకా వాడి బుర్రలో ఏం తిరిగితే అది కాగితం మీద ఉంటుంది. జేబులో డబ్బుల్లేకపోవడం, చదువు, ఆడపిల్లలు, ఊరు, సిగ్గు, అన్నీ కలగాపులగంగా. దీన్ని వినడం కష్టమని నా అభిప్రాయం. ఒక ఆలోచన ఎక్కడ తెగిందో, ఇంకోటి ఎక్కడ అతుక్కుందో కన్ను వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళు ఎవరైనా సరే ఇది చదివి తీరాలి. రవికి ఉన్న ఆ భయం మనందరికీ తెలుసు, ఇంటర్వ్యూల్లో చెప్పుకోం అంతే.

డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. పందులు కాసుకునే ఓ ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది కనపడక చీకట్లో అడవిలోకి పోతాడు. కథంతా ఆ రాత్రిదే. అందరూ హెమింగ్వే ముసలాయనతో పోలుస్తారు, ఆ పోలిక న్యాయమే. కానీ సముద్రంలో ఉన్నవాడికి చేప ఒక్కటే, ఇక్కడ ఈయన తన పందిని కాపాడాలి, దాని పిల్లల్ని కాపాడాలి, అంతలో ఆ పందే ఆయన్ని దగ్గరికి రానివ్వదు. చుట్టూ ఏ శబ్దం లేకుండా చదవాల్సిన పుస్తకం.

ఇప్పుడు అసలు సంగతి. వినిపించిన నవల 'మాలపల్లి'.

ఉన్నవ లక్ష్మీనారాయణగారిది అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు, అంటే మాకు పక్క ఊళ్ళ లెక్కే. పల్నాడులో అడవి పుల్లరికి వ్యతిరేకంగా జరిగిన సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, రాయవెల్లూరు జైల్లో ఈ నవల రాశారు. అది అచ్చయిన 1922లోనే, అదే పుల్లరి గొడవలో, మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. నవలని తర్వాత మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా.

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. ఎనభై దాటాయి. పెళ్ళికి ముందు కూలికెళ్ళింది, పెళ్ళయ్యాక రెండెకరాల్లో పత్తీ మిరపా చేసింది. చూపు తగ్గి టీవీ సీరియళ్ళు కూడా మానేసింది. సరే చూద్దామని రోజూ రాత్రి ఓ ఇరవై నిమిషాలు 'మాలపల్లి' పైకి చదివి రికార్డు చేసి అమ్మ ఫోనుకి పంపడం మొదలుపెట్టా. సంభాషణలన్నీ గుంటూరు జిల్లా మాటలే కాబట్టి చదువుతుంటే నా గొంతు కూడా ఊరి యాసలోకి దిగిపోయేది.

రామదాసు వేదాంతం చెప్పే చోట్ల నాయనమ్మకి విసుగొచ్చింది. "ఈ సోది తగ్గించి కథ చెప్పు అబ్బాయ్" అని కబురు పంపింది. సంగదాసుని చౌదరయ్య కొట్టి చంపిన భాగం విన్న రోజు అన్నం తినలేదని అమ్మ చెప్పింది. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై పెద్దోళ్ళని దోచి పేదోళ్ళకి పెడుతుంటే మాత్రం, "మంచి పని చేశాడు" అని తీర్పు ఇచ్చేసింది.

కూలి గొడవ భాగం దగ్గర తనే ఫోన్ చేయించి అడిగింది: "గింజలు కొలిచిన మానిక ఎవరింటిదంట?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళ కాలంలో కూలికి గింజలు కొలిచే మానిక ఆసామి ఇంట్లోదే. కొందరి ఇళ్ళల్లో కూలోళ్ళకి కొలిచే మానిక వేరే ఉండేదట, అడుగు లోపలికి సొట్టపోయి. పైన చేత్తో నున్నగా తుడిచి పోసేవాళ్ళు. అదే గింజలు తిరిగి తీసుకునేటప్పుడు రాశిగా కొలిచేవాళ్ళు. "కూలెంత అని కాదురా, ఏ మానికతో అని అడగాల" అంది. ఈ నవల మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ ప్రశ్న కనపడలేదు. చివరి భాగం విన్నాక ఇంకో మాట అంది. "ఈ పుస్తకాలన్నీ చదువుకున్నోళ్ళ గురించి చదువుకున్నోళ్ళు రాసుకునేవి అనుకున్నా."

వందేళ్ళ కిందట తనలాంటి మనుషుల గురించి, తన మాటల్లో, తన జిల్లా మనిషి రాసిన పుస్తకం తన దాకా రావడానికి అక్షరం అడ్డం పడింది. నాకు ఇది చాలా బాధగా అనిపించింది. వినడం చదవడం కాదనే మా టీమ్ ఆయనకి నా జవాబు ఇదే. చదువు వచ్చిన మనకి అది సౌకర్యం, చదువు రానివాళ్ళకి అదొక్కటే దారి.

ఆ మాటకొస్తే పల్నాడుకి వినడం కొత్తా? కారెంపూడిలో ప్రతి ఏటా కార్తీక మాసం చివర వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుల కథని వీరవిద్యావంతులు పాడుతుంటే జనం కూర్చుని వింటారు. జీన్ రోఘైర్ అనే విదేశీ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట విన్న ఆ కథనే ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో 'ద ఎపిక్ ఆఫ్ పల్నాడు' అని పుస్తకం వేశాడు. కథని చెవితో అందుకునే అలవాటు ఊళ్ళల్లో ఎప్పుడూ ఉంది. నవల మాత్రమే ఆ చెవిదాకా వెళ్ళలేదు.

అన్నట్టు, మన దేశంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళకి కాపీరైటు తీరిపోతుంది. ఉన్నవగారు 1958లో పోయారు. అంటే 2019 నుంచి 'మాలపల్లి' అందరిదీ. ఎవరైనా చదివి రికార్డు చేసి పదిమందికీ పంచొచ్చు. ఫోనూ, రోజుకి ఇరవై నిమిషాలూ ఉంటే చాలు. మీ ఇంట్లో చదువు రానివాళ్ళో, చూపు తగ్గినవాళ్ళో ఉంటే ప్రయత్నించి చూడండి.

తర్వాత ఏం చదవమంటావని నాయనమ్మని అడిగి, పందులు కాసే ముసలాయన కథ ఒకటుందని చెప్పా. ఇంకా ఒక్క వాక్యం కూడా చదవలేదు, అప్పుడే మొదలుపెట్టింది: "ఈనే పందిని కట్టేసుకోకుండా అడివిలోకి ఎట్టా వదిలాడంట?"