బొమ్మను మోసేవారు

మొన్న మార్గశిరంలో ఒక సాయంత్రం మేము బొమ్మలాటకు వెళ్ళి వచ్చాము. ఈ మాట వినగానే, ఈ వయస్సులో బొమ్మలాటేమిటని నవ్వుకునేవారుంటారు. మేమూ అట్లాగే నవ్వాము. మా అబ్బాయి రెండు టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు చూస్తే, పదునెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే అని వాటిమీద అచ్చువేసి ఉంది. మన ఊళ్ళో అనుపమా హొస్కెరెగారి ధాతు సంస్థవారి కొయ్యబొమ్మలాటకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళినవారమే గాని, పిల్లలను ఇంట్లో వదిలి వెళ్ళవలసిన బొమ్మలాట ఒకటి ఉంటుందని ఎరుగము.

వంటింట్లో అనపగింజలు పితుకుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "ఆట పిల్లోళ్ళ కోసమని మీకు ఎవరు చెప్పినార్రా? కేతిగాడు తెరమీదికి వస్తానే మమ్మల్ని పండుకోబెట్టి దుప్పటి కప్పేవాళ్ళు. మేము దుప్పట్లో రంధ్రం చేసుకొని చూసేవాళ్ళం" అన్నది.

అమ్మ పుట్టింది ధర్మవరం ప్రక్క పల్లెలో. తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట అక్కడికి దగ్గరే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆ బిరుదు తన పుట్టింటికే వచ్చినట్టు అమ్మ వీధి వీధంతా చెప్పి వచ్చింది. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ప్రస్తావించిన ఆట అది. మేకతోలును పలుచగా గీకి, రంగులు వేసి, భుజాలకూ మోచేతులకూ మోకాళ్ళకూ కీళ్ళు కట్టి, మనిషెత్తు బొమ్మలు చేస్తారు. తెర వెనుక ఆడించేవారు వెదురుబద్దలు పట్టుకోవడంతో సరిపెట్టరు. పాడతారు, యుద్ధం వచ్చిందంటే కాళ్ళ క్రింది చెక్కపలకలను ధనధనమని తొక్కుతారు. ఇప్పుడు ఆ ఊళ్ళో అదే తోలుతో దీపాల గుమ్మటాలు కూడా చేసి అమ్ముతున్నారు. కేతిగాడు, బంగారక్క ఆడే సరసాలు మాత్రం దీపాల గుమ్మటాలమీదికి ఎక్కవు గదా!

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయనకు పక్షవాతం వచ్చి పదునాలుగు నెలలైంది. హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారంలో వెంట్రుకవంటి స్ప్రింగులను పట్టకారుతో ఎత్తి కూర్చిన చేయి ఇప్పుడు పరుపుమీద ఎట్లా పెడితే అట్లా ఉంటుంది. మాట కూడా పోయింది. పగలు రెండుసార్లు, రాత్రి ఒకసారి ఆయనను లేపాలి. ఒకరు తలా భుజాలూ, ఒకరు నడుము, ఒకరు కాళ్ళూ పట్టుకుంటాము. ఇంటికి తాళం వేసి ఇద్దరమూ కలిసి బయటికి వెళ్ళడమన్నదే మరచిపోయాము. మా అబ్బాయి టిక్కెట్లు తెచ్చింది అందుకే కాబోలు. "తాతను నేను చూసుకుంటా, పొండి" అని మమ్మల్ని బయటికి నెట్టాడు.

చిన్న నాటకశాల అది. నూరు కుర్చీలు కూడా ఉండవు. తెర లేదు. నల్లబట్టలు కట్టుకున్న ముగ్గురు యువతీయువకులు ఒక ముసలాయన బొమ్మను మోసుకుని వచ్చారు. బొమ్మకు కాగితం ముఖం, పేముతో అల్లిన ఒళ్ళు. ఒకరు తలా కుడిచేయి, ఒకరు ఎడమచేయి, ఒకరు కాళ్ళూ పట్టుకున్నారు. జపాను దేశపు బున్‌రాకు పద్ధతి ఇది. ఒసాకా నగరంలో చికమత్సు అనే కవి ప్రేమికుల ఆత్మహత్య కథను బొమ్మలకోసం వ్రాసింది 1703లో. పెద్దల బొమ్మలాట అక్కడా కొత్తది కాదన్నమాట. 2007లో లండనులో, యుద్ధానికి పోయిన గుఱ్ఱం కథను ఆడినప్పుడు, దక్షిణాఫ్రికా బొమ్మలవారు చేసిన గుఱ్ఱాన్ని కూడా ముగ్గురే ఆడించారు.

గంటసేపు ఒక్క మాట లేదు. ముసలాయన మంచం దిగి కిటికీ వేసి రావాలి, అంతే కథ. ఆ ముగ్గురి ఒళ్ళే మంచమవుతుంది, మెట్లవుతుంది, తలుపవుతుంది. ఒకచోట బొమ్మ బట్టలు విప్పి స్నానం చేయిస్తారు. పదునెనిమిదేళ్ళ నిబంధన దీనికేనేమో! అందులో సిగ్గుపడవలసింది మాకు ఏమీ కనిపించలేదు. ప్రతి ఉదయం మేము చేసే పనే. ఎవరో ముందు వరుసలో కిసుక్కున నవ్వారు. మాకు ఆ నవ్వు నచ్చలేదు.

మేము చూస్తూ కూర్చున్నది బొమ్మను కాదు, మోసేవారిని. ముగ్గురి ముఖాలూ మనకు కనిపిస్తూనే ఉంటాయి. కాని ఒక్కరూ మన వైపు చూడరు, ఒకరినొకరు చూసుకోరు. బొమ్మ ఎటు చూస్తే ముగ్గురూ అటే చూస్తారు. బొమ్మను లేపే ముందు ముగ్గురూ ఒక్కసారి ఊపిరి పీలుస్తారు. ఆ ఊపిరితోనే పేము ఒళ్ళు ఉబ్బి, బొమ్మ తానే లేచినట్టుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. నాయనను లేపేటప్పుడు మేము ఏమి చేస్తామో మాకు తెలుసు. ఆయన తలమీదుగా పాలవాడి లెక్క మాట్లాడుకుంటాము. "ఊఁ, పట్టు, పట్టు" అంటూ గడియారం చూస్తాము.

ఇంటికి వచ్చేసరికి పది దాటింది. అబ్బాయిని పిలిచి, ముగ్గురమూ ఎప్పటిలాగే నిలుచున్నాము. ఈసారి వెంటనే ఎత్తలేదు. నాయన ఎటు చూస్తున్నారో చూశాము. పైకి చూస్తున్నారు. దోమల కోసమని రాత్రింబవళ్ళు ఫాను వేసి ఉంచుతున్నాము. పుష్యం దగ్గరపడుతున్న చలిలో, ఆ గాలి నేరుగా ఆయన ముఖానికే కొడుతోంది. ఇదివరకు ఎన్నాళ్ళనుంచి అటు చూస్తున్నారో ఏమో!

అబ్బాయి వెళ్ళి ఫాను ఆపాడు. రెక్కలు నిలిచేదాకా నాయన వాటినే చూసి, కళ్ళు దించారు. అప్పుడు లేపాము.

అమ్మ ఆ గదిలోనే, దోమతెర ఎక్కడుందో పెట్టెలో వెతుకుతూ, "ఆట ఎట్లా ఉండింది?" అని అడిగింది. బాగానే ఉంది, కేతిగాడు మాత్రం లేడన్నాము.

"కేతిగాడు లేని ఆట ఏమి ఆటరా!" అన్నది.